కిన్నెర విన్న ఆకలి

గోదావరి జిల్లాల్లో పెళ్ళి భోజనానికి కూర్చున్నవాడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి "వద్దండీ వద్దు" అన్నాడంటే, ఇంకాస్త బతిమాలమని అర్థం. వడ్డించేవాడికి ఆ సంగతి పుట్టుకతోనే తెలుసు. వేళ్ళ సందుల్లోంచి బూరె జారవిడిచి, బొటనవేలితో నడుమ గుంట చేసి, నెయ్యి పోసి, "మా మీద కోపవాండీ?" అంటాడు. కోపం లేదని రుజువు చెయ్యడానికి తినేవాడు ఒక కొస కొరికి మిగతాది వదిలేస్తాడు. ఇద్దరి మర్యాదా నిలబడుతుంది. మండపం వెనకాల పారేసిన అన్నం గుట్ట మాత్రం పెరుగుతుంది.

ఆ గుట్ట మీద భూలక్ష్మి బుర్రకథ కట్టింది. తణుకు చుట్టుపక్కల భూలక్ష్మి దళమంటే మంచి పేరుంది. నడుమ తంబురా పట్టుకుని కథ నడిపేది ఆమె. పక్కన డక్కీ వాయిస్తూ హాస్యం చెప్పే వంత ఆమె మొగుడు జోగారావు, రెండో వంత అతని తమ్ముడు. వరదలో అమ్మనీ నాన్ననీ పోగొట్టుకున్న ఒక పిల్ల, పెళ్ళిమండపం వెనక ఎంగిలాకుల కోసం కుక్కలతో పాటు కాచుకుని కూర్చోవడమే ఆ కథ. భోజనాలకి ముందు చెప్పేవాళ్ళు. జనం ఏడ్చేవాళ్ళు. నిజంగానే ఏడ్చేవాళ్ళు, అందులో నటనేమీ లేదు. కొంగులతో కండువాలతో కళ్ళు తుడుచుకుని, బంతిలో కూర్చుని, సగం గారె, ముప్పాతిక బూరె, పిడికెడు పులిహోర వదిలేసి లేచేవాళ్ళు. "ఏం చెప్పావమ్మా తల్లీ, గుండె కరిగిపోయిందనుకో" అని వెళ్తూ వెళ్తూ ఆమెని మెచ్చుకునేవాళ్ళు.

భూలక్ష్మికి ఒళ్ళు మండేది. ఆ మంటలో ఉండగానే ఒక పెళ్ళిలో, మండపం వెనక గుట్ట దగ్గర, చేతులకి తొడుగులు వేసుకుని ఎంగిలాకులు తూకం వేస్తున్న ఒక ఆవిడ కనిపించింది. కళ్ళజోడు, నలిగిన నూలుచీర, చెప్పుల నిండా సాంబారు.

"ఏం చేత్తన్నారండీ ఇక్కడ?"

"తూస్తున్నాను. మీ కథ చెప్పిన పెళ్ళిలో ఎంత పారేస్తారో, చెప్పని పెళ్ళిలో ఎంత పారేస్తారో."

"తగ్గిందా అండీ?"

"పెరిగింది" అంది ఆవిడ, కళ్ళజోడు మోచేత్తో పైకి తోసుకుంటూ. "ఏడిస్తే నీరసం వస్తుంది కదా. ఎక్కువ పెట్టించుకుంటున్నారు."

ఆ మాటకి ఇంకొకరైతే కోప్పడేవారు. భూలక్ష్మి పక్కనున్న మెట్టు మీద కూలబడి పకపకా నవ్వింది. నవ్వి నవ్వి, చివరికి కళ్ళు తుడుచుకుంది. ఆవిడ పేరు డాక్టర్ మృణాళిని. ఊరి చివర కాలవగట్టు మీద ఆవిడకొక ల్యాబు ఉంది. నరాలు ఆవిడ చదువు.

"మీ కథ చెవిదాకా వెళ్తోంది, కళ్ళదాకా వెళ్తోంది. పొట్టదాకా వెళ్ళడం లేదు. అక్కడిదాకా నేను పంపిస్తాను, వస్తారా?" అంది మృణాళిని.

* * *

ల్యాబులో ముందు దొరికిపోయినవాడు జోగారావు. మృణాళిని అతని చెవి వెనక బొట్టుబిళ్ళంత ముక్క ఒకటి అంటించింది. అతను అలవాటు చొప్పున ఏదో చమత్కారం మొదలుపెట్టాడు. ఆవిడ బల్ల మీద మీట నొక్కింది. జోగారావు మాట మధ్యలో ఆగిపోయి, కడుపు మీద చెయ్యి వేసుకుని, ఎదురుగా పళ్ళెంలో ఎవరో తిని పడేసిన అరటితొక్క కేసి చూశాడు. చూడటమేమిటి, చెయ్యి కూడా చాపాడు.

"ఇదేవిటండి బాబూ! ఇందాకే గదా రెండు పెసరట్లు తిన్నాను!"

మృణాళిని మీట వదిలేసింది. చెవి వెనక నుంచి పొట్టకి ఒక నరం పోతుందనీ, పొట్ట ఖాళీగా ఉన్నప్పుడు ఆ నరంలో నడిచే కబురునే ఈ బిళ్ళ మోస్తుందనీ చెప్పింది. కథ చెప్పే గొంతు ఫలానా చోటికి రాగానే బిళ్ళ ఆకలి అందుకుంటుంది. ఒకసారి కథ మొత్తం అలా వింటే ఒంటికి పాఠం పట్టుబడుతుంది. తర్వాత బిళ్ళ పీకేసినా సరే, వదిలేసిన అన్నం కంటబడ్డా, ఆ గొంతు చెవిని పడ్డా ఆకలి లేస్తుంది. జోగారావు దానికి అక్కడికక్కడే 'వంతబిళ్ళ' అని పేరు పెట్టాడు. కథకి తందానా కొట్టేది ఇకనుంచి జనం పొట్టలేనని.

"ఇప్పుడు నాకు పుట్టిన ఆకలి ఎవరిదండీ?" అని అడిగాడు.

"మా దగ్గర పనిచేసే ఒకాయనది. పొద్దుట టిఫిను మానేశాడు. అందుకే తొక్క దగ్గరే ఆగారు. నాకు అసలైన ఆకలి కావాలి. చెప్పే గొంతూ, ఆకలీ ఒకే ఒంటివైతే వినేవాళ్ళ ఒళ్ళు నమ్ముతుంది."

"అయితే నాదే తీసుకోండి" అంది భూలక్ష్మి.

జోగారావు వద్దన్నాడు. ఆమె వినే రకం కాదు. ల్యాబులోనే ఒక గదిలో మంచినీళ్ళతో పస్తులుంది. మొదట్లో సరదాగానే ఉంది, ఆ తర్వాత సరదా పోయింది. కావలివాడు గుమ్మం అవతల పెరుగన్నంలో ఉల్లిపాయ కొరుక్కుంటున్న వాసన గదిలోకొస్తే గోడకి మొహం ఆనించి ఏడ్చింది. ఇక నిలబడలేననుకున్నప్పుడు మెడకీ చెవులకీ తీగలు తగిలించుకుని, కూర్చునే కథ చెప్పింది. తంబురా లేదు, అందెల చప్పుడు లేదు, వంత లేదు. ఆకుల గుట్ట పక్కన కూర్చున్న ఆ పిల్ల నోట్లోంచి మాటలు వచ్చినట్టే వచ్చాయి. కథ సగంలో మృణాళిని తన చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి కింద పెట్టేసింది.

"ఇక వినలేనండీ. ఇది పనిచేస్తుంది" అంది.

* * *

భూలక్ష్మి ఇంట్లో ఒక పద్ధతుంది. కొత్త కథ ఏది కట్టినా తొలి వినికిడి ఇంట్లోనే. ఇంట్లోవాళ్ళకి పట్టని కథని ఊళ్ళోకి తీసుకుపోకూడదని వాళ్ళ నాన్న పెట్టిన నియమం. ఆయన కథలన్నిటికీ తొలి శ్రోత భూలక్ష్మే. ఈ సంగతి చెప్పి ఒక బిళ్ళ ఇమ్మని అడిగితే మృణాళిని ముచ్చటపడి ఇచ్చింది. ఎవరికి పెడతారని ఆవిడ అడగలేదు. ఈమె చెప్పలేదు. దాచిపెట్టాలని కాదు, ఆచారం గురించి అంత విడమరిచి చెప్పాలని ఎవరికీ తోచదు.

జోగారావూ తమ్ముడూ డక్కీలు వాయించాలి కాబట్టి వినడానికి మిగిలింది కిన్నెర ఒక్కతే. వాళ్ళ కూతురు, ఆరో తరగతి. తిండి దగ్గర ఆ పిల్లంత పెంకి పిల్ల ఆ వీధిలో లేదు. ఇడ్లీ అంచులు తుంచేసేది, పెరుగు మీద మీగడ వేలితో తీసి పక్కన పెట్టేది, ఉప్మాలో జీలకర్ర ఏరేది. అన్నం గిన్నె పట్టుకుని భూలక్ష్మి ఇల్లంతా పిల్ల వెనకాల తిరిగేది. "ఇదొక్క ముద్దే కిన్నీ, ఇది అమ్మ ముద్ద" అని ఆమె అరిచే అరుపులు వీధి చివరికి వినపడేవి.

చెవి వెనక బిళ్ళ పెట్టించుకుని కిన్నెర చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. కథ మొదలైంది. ఆకుల గుట్ట దగ్గరికి వచ్చేసరికి పిల్ల మొహం పాలిపోయింది. భూలక్ష్మి చూసింది. చూసి, ఇంకా బాగా చెప్పింది. ఎదుటివాడికి కథ పడుతోందని తెలిసిన కథకురాలు ఎక్కడైనా ఆగుతుందా!

కథ అయ్యాక కిన్నెర నేరుగా వంటింట్లోకి పోయి, పొద్దుట తను వదిలేసిన ఇడ్లీ అంచులు, ఎండిపోయిన చట్నీతో సహా తినేసి, పళ్ళెం నాకింది.

జోగారావు డక్కీ భుజానేసుకుని నడవాలో గంతులేశాడు. భూలక్ష్మి పిల్లని ఎత్తుకుని ముద్దులు పెట్టుకుంది. ఆ ఇంట్లో ఆ పూట అంత సంతోషం మళ్ళీ ఎప్పుడూ లేదు.

* * *

ఊళ్ళో సంగతి చెప్పాలంటే, పన్నీరు చల్లే చోటే వంతబిళ్ళలు అంటించడం మొదలుపెట్టారు. మొదటి పెళ్ళిలో భోజనాల బంతి నిశ్శబ్దమైపోయింది. వడ్డించేవాడు అలవాటుగా బూరె ఎత్తి, ఎదుటి మనిషి కళ్ళు చూసి, మళ్ళీ గిన్నెలో పెట్టేశాడు. చాలంటే చాలనే అర్థం వచ్చింది. ఆకులు మడిచేసరికి వాటిలో కరివేపాకు తప్ప ఏమీ మిగల్లేదు. పెళ్ళికూతురి తండ్రి మాత్రం మర్యాద చెయ్యలేకపోయానని బెంగపెట్టుకున్నాడు.

కొన్ని వారాలయ్యేసరికి జనానికి ఆ పాఠం మసకబారేది. అందుకని భూలక్ష్మి గొంతు రికార్డు చేసి, భోజనాల ముందు నాలుగు మాటలు వినిపించే ఏర్పాటు చేసింది మృణాళిని. వంతబిళ్ళలతో పాటు ఆ నాలుగు మాటలు మండపాలకీ, హాస్టళ్ళకీ, బళ్ళకీ పోయాయి. పక్క జిల్లాలకి పోయాయి. గుట్టలు మాయమయ్యాయి. మండపాల వెనక తిరిగే పందులు చిక్కిపోయాయని జోగారావు కథల్లో కలిపి నవ్వించేవాడు. భూలక్ష్మికి శాలువాలు కప్పారు. ఆమె గొంతు వినని ఊరు లేదన్నారు.

అందరికంటే ఎక్కువగా ఆ గొంతు వినేది కిన్నెర. "లేవవే, బడికి టైమవుతోంది" అనే గొంతుతో కళ్ళు తెరుస్తుంది. లేవగానే తింటుంది. "తల దువ్వుకున్నావా?" అంటే తింటూ దువ్వుకుంటుంది. మొదట తన పళ్ళెం, తర్వాత నాన్న పళ్ళెంలో మిగిలింది, తర్వాత అడుగంటిన మాడు. పిల్ల బుగ్గలు నిండుతుంటే ఏ తల్లి భయపడుతుంది? భూలక్ష్మి దిష్టి తీసింది.

పక్కింటి గేదె కోసం పెట్టిన కుడితి బానలో మోచేతుల దాకా చేతులు పెట్టి కిన్నెర ఏరుకుని తింటూ ఒకరోజు భూలక్ష్మి కంటపడింది. జుట్టు పట్టుకుని ఇంట్లోకి ఈడ్చుకొచ్చి చెడామడా తిట్టింది. తిడుతున్నంతసేపూ పిల్ల బియ్యం డబ్బా మూత తీసి పచ్చిబియ్యం బుక్కుతూనే ఉంది. తిట్టడం మాని బతిమాలింది. అప్పుడూ అంతే.

"ఎందుకే ఇలా చేత్తన్నావు? అమ్మ నీకు పెట్టట్లేదా?"

"నాక్కాదమ్మా" అంది కిన్నెర, నోటి నిండా బియ్యంతో. "నీకు ఆకలేస్తోంది గదా. నువ్వు మాట్లాడుతుంటే నాకు తెలిసిపోద్ది. నేను తింటే నీకు తగ్గుద్దని."

భూలక్ష్మి మృణాళినికి ఫోను చేసింది. ఆవిడ ఏదో సభ కోసం ఢిల్లీలో ఉంది. వచ్చే ఆదివారం మన ఊళ్ళో విందుకి వస్తానుగా, అప్పుడు చూద్దాం అంది. భూలక్ష్మి సరేనంది. ఆ 'సరే' అన్నందుకు తర్వాత ఆమె తనని తాను క్షమించుకోలేదు.

* * *

మెతుకు వృథా కాని విందని ఊరంతా రంగుకాగితాలు కట్టారు. మైదానంలో పందిరి వేసి, భూలక్ష్మి దళం చేత కథ చెప్పించి, తర్వాత భోజనాలు. పెద్దవాళ్ళు చాలామంది వచ్చారు. మృణాళిని ముందువరసలో కూర్చుంది. భూలక్ష్మి ఆ రోజు చెప్పినట్టు ఎప్పుడూ చెప్పలేదు. పందిరి నలుమూలలా మైకులు, అన్నిట్లో ఆమె గొంతే. ఇందరి ముందు కథ చెప్తూ వరసల్లో కూతురి కోసం వెతికింది. ఇందాకటిదాకా కూర్చున్న చోట కిన్నెర లేదు. ఆడుకోవడానికి పోయి ఉంటుందనుకుంది.

ఆకులన్నీ ఖాళీ అవుతాయని అందరికీ తెలుసు. వంటవాళ్ళు మాత్రం పాత లెక్కనే వండారు. వంటకి తక్కువైందన్న మాట పడటం కంటే వాళ్ళకి చావు మేలు. పందిరి వెనక రేకుల షెడ్డులో, ఎవరూ అడగబోని పులిహోర, ఎవరూ ముట్టబోని సాంబారన్నం గుండిగలకొద్దీ దించి ఉన్నాయి. ఆకుల్లో మిగలబోని వృథా అంతా ముందే అక్కడికి చేరింది. షెడ్డు గడకి కూడా ఒక మైకు కట్టి ఉంది.

మంచినీళ్ళ కోసం వెళ్ళిన ఒకావిడ కేకలు పెట్టింది. జోగారావు డక్కీ పడేసి పరుగెత్తాడు. భూలక్ష్మికి ఏమీ అర్థం కాక, జనం గోల పెట్టకుండా ఉండాలంటే కథ ఆపకూడదనుకుని ఇంకో రెండు చరణాలు చెప్పింది. షెడ్డులో కిన్నెర గుండిగకి ఆనుకుని కూర్చుని, రెండు చేతులతో పులిహోర నోట్లో కుక్కుకుంటోంది. పొట్ట డక్కీ చర్మంలా బిగిసిపోయింది. కళ్ళు తేలేసింది. అయినా చేతులు ఆగడం లేదు. మైకులో అమ్మ గొంతు వినపడుతూనే ఉంది.

"ఆపవే! కథ ఆపవే!" అని జోగారావు అరిచిన అరుపు ఆమెదాకా వచ్చింది. ఇరవై ఏళ్ళ కాపురంలో అతను ఆమె మీద గొంతెత్తడం అదే మొదలు.

* * *

ఆస్పత్రిలో పొట్ట కోశారు. లోపల చిరిగిపోయిందన్నారు. కుట్టామనీ, ఇంకోసారి ఇలా జరిగితే కుట్టడానికి ఏమీ ఉండదనీ సర్జను చెప్పాడు.

తెలివొచ్చిన కూతుర్ని చూసి భూలక్ష్మి "కిన్నీ!" అని ఏడ్చింది. పిల్ల చెయ్యి మెల్లగా లేచి, పక్క మంచం వాళ్ళ బ్రెడ్డు కేసి పోయింది. కుట్లు పచ్చిగా ఉన్నాయి, నొప్పికి మూలుగుతూనే పోయింది. మృణాళిని అది చూసింది. తన ల్యాబు నుంచి చిన్న యంత్రం తెప్పించి కిన్నెర మెడకి తగిలించి, భూలక్ష్మిని ఒక మాట అనమంది, ఆగమంది, మళ్ళీ అనమంది. తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకుపోయింది.

"మిగతావాళ్ళకి కొన్ని వారాల్లో పోతుంది. మీ గొంతు వాళ్ళకి ఎప్పుడో ఒకసారి వినపడుతుంది. ఈ పిల్లకి పొద్దున్నించి పడుకునేదాకా మీ గొంతే. మీరు బడికెళ్ళమన్నా ఆ ఒంటికి అది కథే. రోజు రోజుకీ పాఠం గట్టిపడింది." ఆవిడ కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది. "ఎంతోమంది మీద పరీక్ష చేశానండీ. అందరూ మీరంటే ముక్కూ మొహం తెలియనివాళ్ళే. కథ చెప్పేవాళ్ళకి ఒక ఇల్లుంటుందని నాకు తట్టలేదు."

"ఆపించెయ్యండి. అన్నిచోట్లా ఆపించెయ్యండి" అంది భూలక్ష్మి.

"ఆపితే మళ్ళీ ఆ గుట్టలు... ఇన్ని జిల్లాలండీ. ఇది ఒక్క ఇల్లు..."

అన్నాక ఆ మాట తనకే వినపడినట్టుంది, ఆవిడ తల దించుకుంది. ఈ ఊళ్ళో మాత్రం ఆపిస్తానంది. అలాగే ఆపించింది. ఊరు హాయిగా పాత దారి పట్టింది. శ్రావణమాసం పెళ్ళిళ్ళకి వడ్డించేవాళ్ళు మళ్ళీ బతిమాలడం మొదలుపెట్టారు. పెళ్ళికూతుళ్ళ తండ్రులు ఊపిరి పీల్చుకున్నారు. దూరపు ఊళ్ళలో ఆమె గొంతు మోగుతూనే ఉంది.

ఇంట్లో భూలక్ష్మి నోరు కట్టేసుకుంది.

మృణాళిని చెప్పిన మందు అదే. గొంతు వినపడకపోతే కొంతకాలానికి ఒళ్ళు మర్చిపోవచ్చు. అందాక సైగలు, చప్పట్లు. గిన్నె మీద గరిటెతో కొడితే ఇటు రమ్మని. నిద్రలో పలవరిస్తానేమోనని భూలక్ష్మి వీధి అరుగు మీద పడుకునేది. జోగారావు రెండు గొంతులతో మాట్లాడేవాడు. "మీ అమ్మ ఏవంటోందంటే, ఆ జడ ఏవిటే పిచ్చుకగూడులాగా, అంటోంది" అని సన్నగొంతు పెట్టేవాడు. కిన్నెర నవ్వేది. భూలక్ష్మి కూడా నవ్వబోయి చేత్తో నోరు మూసుకునేది. ఎందుకంటే నవ్వులో కూడా ఆమె గొంతే కదా ఉండేది.

కుట్లు మానాయి. కిన్నెర కుడితి బాన దగ్గరికి పోవడం మానేసింది. గండం గడిచిందనుకున్నారు. కానీ పిల్ల చిక్కిపోవడం మొదలుపెట్టింది. మారాం చెయ్యదు, వద్దనదు. పళ్ళెం ముందు పెడితే దాన్ని చూస్తూ కూర్చుంటుంది. తినవేమే అని జోగారావు అడిగితే "ఎందుకు నాన్నా?" అంటుంది. నిజంగానే తెలియక అడుగుతుంది. ముద్ద పెడితే నోట్లో ఉంచుకుని మింగడం మర్చిపోతుంది. మోకాళ్ళు బయటపడ్డాయి. బళ్ళో ఒకసారి కళ్ళు తిరిగి పడిపోయింది.

మృణాళిని మళ్ళీ యంత్రం పెట్టి చూసింది.

"తన సొంత ఆకలి పని మానేసింది. ఇన్నాళ్ళూ మీ ఆకలే దానికి సరిపోయింది. ఇప్పుడు ఈ ఒంటికి మీ గొంతు ఒక్కటే తెలుసు."

ఇక ఆ ఇంట్లో పద్ధతి ఇలా కుదిరింది. పూటకొక మాట. మాట ఎంత పొడుగైతే ఆకలి అంత, కాబట్టి పొట్టి మాట. కిన్నెర ముందు చిన్న గిన్నెలో కొలిచినంత అన్నం పెట్టి, మిగతాది బీరువాలో పెట్టి తాళం వేసి, భూలక్ష్మి ఎదురుగా కూర్చుని "తినమ్మా" అంటుంది. పిల్ల ఉలిక్కిపడి ఆబగా తింటుంది. గిన్నె ఖాళీ అయ్యాక నేల తడుముతుంది, బీరువా గీరుతుంది, కాసేపటికి సద్దుమణుగుతుంది. ఊళ్ళన్నిటికీ అంత కథ చెప్పిన మనిషి తన కూతురికి రోజంతా కలిపి చెప్పేది ఆ ఒక్క మాటే. జ్వరం వచ్చినా, బళ్ళో బహుమతి వచ్చినా, పిల్ల పెద్దమనిషి అయినా అదే మాట.

ఆ సంబరం అయిన కొన్నాళ్ళకి, జోగారావు వేరే దళంలో వంతగా పక్క ఊరు వెళ్ళిన మధ్యాహ్నం, భూలక్ష్మి అన్నం వార్చి, పప్పు దించి, గిన్నె కడుగుతోంది. కిన్నెర వచ్చి వెనకనుంచి నడుం చుట్టూ చేతులు వేసింది.

"నన్ను పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్ళయిందమ్మా" అంది. "నాన్న నీలాగా మాట్లాడతాడు. నవ్వొస్తాది గానీ, అది నువ్వు కాదు గదా. ఇవాళ తినమ్మా అనకు. పేరు పెట్టి పిలు. చాలాసార్లు పిలు."

భూలక్ష్మి తల అడ్డంగా ఊపింది.

"తినడానికి ఏవీ లేకపోతే తినను గదా. ఆకలి ఓర్చుకుంటాను. ఒట్టమ్మా."

భూలక్ష్మి పొయ్యి మీద అన్నం కేసి చూసింది. పొగలు కక్కుతోంది, మల్లెపూవుల్లా విడిగా ఉంది. ఆమె మసిగుడ్డ పట్టుకుని గిన్నె దించి, పెరటి తలుపు తీసి, కాలవగట్టు ఎక్కి అన్నమంతా నీళ్ళలోకి వంచేసింది. వెనక్కి వచ్చి పప్పు పట్టుకుపోయింది. తర్వాత పెరుగు, ఆవకాయ జాడీ, అటుకులు, బెల్లం, బియ్యం డబ్బా. ఒక్కొక్కటే మోసుకుపోయి ఒలకబోసింది. రేవులో బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు.

"ఓలమ్మో, అదేం పనే! ఉడుకన్నం నీళ్ళపాలు చేత్తావా? నువ్వేనా భూలక్ష్మీ, మాకు కథలు చెప్పింది?"

ఆమె దగ్గర వాళ్ళకివ్వడానికి మాట లేదు. ఉన్న మాటలన్నీ ఇంట్లో కావాలి. తెల్లటి మెతుకులు నీటి మీద సాగిపోతుంటే వాటికి ఒకసారి దణ్ణం పెట్టుకుని, లోపలికొచ్చి, పెరటి తలుపూ వీధి తలుపూ గడియ పెట్టి, కూతురి ఎదురుగా కూర్చుంది.

"కిన్నీ" అంది.

పిల్ల కడుపు పట్టుకుని ముందుకి వంగిపోయింది. పళ్ళు బిగబట్టింది. వంటింటి వైపు చూసింది, బోర్లించిన గిన్నెలు చూసింది, చెమటలు పట్టిన మొహం ఎత్తి తల్లిని చూసింది.

"కిన్నీ... నా తల్లీ... కిన్నెరా..."

"ఎంతాకలమ్మా నీకు" అంది కిన్నెర. ఏడుస్తోంది, ఆ ఏడుపులోనే మొహం వెలిగిపోతోంది. తల్లి ఒళ్ళోకి పాకుతూ వచ్చి, ఆమె పెదవులకి చెవి ఆనించింది. "ఆపకమ్మా. ఇంకోసారి పిలు."

భూలక్ష్మి పిలిచింది.